మూడున్నర కిలోల పిల్లలు

మా ప్రోగ్రాంలో పుట్టిన పిల్లలందరూ మూడున్నర కిలోలవాళ్లే. ఒక్కడు తక్కువ లేడు, ఒక్కతె ఎక్కువ లేదు. బుగ్గల సంగతి రాసే వీలుంటే ఆపిల్ పండ్లలాంటి బుగ్గలని కూడా రాసి ఉండేవాళ్లం. అందులో తప్పుందని తెలియడానికి ఒక డాక్టరమ్మ మా మెట్లెక్కి రావలసి వచ్చింది. తెలిశాక దాన్ని దిద్దడానికి మా ఆఫీసులో ఒక్కరికీ చెయ్యి రాలేదు. దిష్టి, ధూపం లాంటివి నమ్మనని జీవితమంతా గొప్పలు చెప్పుకుని తిరిగిన ఈ ముఖద్దస్‌కి, అంటే నాక్కూడా రాలేదు.

మాది ఫెర్గానాలో చిన్న కంపెనీ. కింద మాంసం కూరి కాల్చే సంసాల కొట్టు, పైన మేము. పదకొండయ్యేసరికి ఉల్లిపాయలూ గొర్రె కొవ్వూ కలిసి కాలే వాసన పైకొచ్చి కూర్చుంటుంది, ఇక ఎవరికీ పని మీద ధ్యాస ఉండదు. యజమాని జావ్లోన్‌కి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. నన్ను ఓపా అంటాడు, అంటే అక్క. నేను వాణ్ని ఉకా అంటాను, అంటే తమ్ముడు. వరసలు పెట్టి పిలుచుకున్నంత మాత్రాన పోట్లాటలు తగ్గవు, పెరుగుతాయి.

ఊళ్లో ఒక ప్రసూతి ఆసుపత్రి ఉంది. అందులో పురిటి పిల్లలను ఉంచి చూసే వార్డు కోసం మేం ప్రోగ్రాం రాస్తున్నాం. బిడ్డ బరువు చెప్తే ఏ మందు ఎంత ఇవ్వాలో అది లెక్కగట్టి చెప్తుంది. నర్సు ఆ లెక్క చూసి మందు ఎక్కించే పంపుని సరిచేస్తుంది. అప్పటిదాకా వాళ్లు గోడకి అంటించిన పట్టిక చూసి, మిగతాది నోటితో లెక్కవేసుకునేవారు. సోమవారం నుంచి ఆ పట్టిక తీసేసి మా ప్రోగ్రాం మొదలుపెడతామని మాటిచ్చాడు జావ్లోన్. మాటివ్వడంలో వాడికి ఎప్పుడూ ఆలస్యం ఉండదు.

నన్ను తెచ్చుకుంది టెస్టులు నేర్పడానికి. తెచ్చుకున్నాడే గానీ వాడికి వాటి మీద నమ్మకం లేదు.

"పనిచేస్తోంది కదా ఓపా, నా కళ్లతో చూశాను. మళ్లీ టెస్టులెందుకు?"

"నువ్వు చూసినప్పుడు పనిచేసిందిరా. రేపు ఇంకెవరో ఇంకో పంక్తి మార్చాక? అప్పుడెవరు చూస్తారు, మీ తాతా?"

"మా తాత పోయాడు కదా."

"అందుకే టెస్టులు."

మందుల లెక్క రాసింది హిలోలా. మా అందరిలోకీ చురుకైన పిల్ల. తక్కువ మాట్లాడుతుంది, అన్న మాట మీద నిలబడుతుంది, నేను అరిస్తే తల ఎత్తకుండా అరుపు అయిపోయేదాకా ఆగుతుంది. ఏడో నెల నడుస్తోంది. మా దగ్గర ఆ సంగతి ఎవరూ బయటికి అనరు. ఒకరోజు ఆమె కుర్చీలో ఎవరో ఒక దిండు పెట్టారు, కిటికీ పక్కన చల్లగాలి తగిలే చోటు ఖాళీ చేశారు, అంతే. ఇంట్లో ఒక్క చిన్న చొక్కా కూడా కొనలేదట. పుట్టకముందు కొనకూడదు.

బుధవారం పొద్దున ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను.

"టెస్టంటే నువ్వు రాసినదాన్ని నువ్వే నిలదీయడం. ఈ బరువుకి ఈ మందు ఎంత అని అడుగుతావు. రావలసిన జవాబు నీకు ముందే తెలుసు. అదే వచ్చిందా, పచ్చ చుక్క. రాలేదా, ఎర్ర చుక్క. ఇలాంటి ప్రశ్నలన్నీ వరసపెట్టి అడిగి చుక్కలు పెట్టే దాన్నే ఫ్రేమ్‌వర్క్ అంటాం. దానికి విసుగు లేదు, మొహమాటం అసలే లేదు."

"మరి ఫిక్స్చర్ అంటున్నారు కదా, అదేంటి ఓపా?"

"ప్రశ్న అడిగేముందు కావలసినవి సిద్ధం చేసుకోవాలిగా? ఒక వార్డు, ఒక మంచం, అందులో ఒక బిడ్డ, ఆ బిడ్డకో బరువు. ఆ ఏర్పాటంతా కలిపి ఫిక్స్చర్."

హిలోలా ఒక్క క్షణం ఆలోచించింది. "అతిథి వచ్చేముందు దస్తర్‌ఖాన్ పరిచినట్టా?"

నాకు ఎంత సంతోషమేసిందంటే బల్ల మీద ఒకటిచ్చాను. "అదే! గుడ్డ పరుస్తావు, రొట్టె పెడతావు, టీ గిన్నెలు కడిగి బోర్లిస్తావు. అతిథి లేచాక ముక్కలు దులిపి మడిచేస్తావు. తర్వాతి అతిథికి మళ్లీ కొత్తగా పరుస్తావు. ముందువాడు కొరికిన రొట్టె వెనకవాడి కంట పడకూడదు."

"మా అత్త ముందువాళ్లు మిగిల్చిన రొట్టె ముక్కలు వేడిచేసి వెనకవాళ్లకి పెట్టేస్తుంది."

"అయితే మీ ఇంట్లో టెస్టులు పెట్టుకోవద్దు."

నవ్వింది. నవ్వుతూనే రాయడం మొదలుపెట్టింది. ఒక మంచం, అందులో ఒక బిడ్డ, బరువు మూడున్నర కిలోలు. చెయ్యి ఆగలేదు, ఆలోచించలేదు. నేను పక్కనే ఉండి చూశాను, నాకూ ఏమీ అనిపించలేదు. బిడ్డ అంటే అంతే ఉండాలి కదా, దేవుడు అంతే ఇవ్వాలి కదా. టెస్టయ్యాక బిడ్డను తుడిచేసి మంచం ఖాళీ చెయ్యమని ఒక పంక్తి నేనే రాయించాను. సాయంత్రానికి తెర మీద వరసగా పచ్చ చుక్కలు. ఊపిరి మందు, ఇన్ఫెక్షన్ మందు, విటమిన్లు, అన్నిటికీ పచ్చే. జావ్లోన్ కిందికి పరుగెత్తి అందరికీ సంసాలు తెచ్చాడు.

గురువారం డాక్టరమ్మ వచ్చింది. సావోదత్‌ఖోన్ ఆ వార్డుకి పెద్ద. నా వయసుదే, నాకంటే సన్నం, నాకంటే నెమ్మది. నెమ్మదిగా ఉండేవాళ్లను చూస్తే నాకు కొంచెం కోపం, అది వేరే సంగతి. కూర్చుంది, టీ తాగింది, చుక్కలన్నీ చూసింది. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని ఫిక్స్చర్ ఒక్కటే చదివింది.

"ఈ పిల్లలెవరమ్మా?" అని అడిగింది.

"ఊరికే అనుకున్నవాళ్లండీ," అంది హిలోలా.

"చాలా ముద్దుగా ఉన్నారు. కానీ ఇంత బొద్దుగా ఉన్నవాళ్లకి నాతో ఏం పని? మూడోరోజుకి తల్లి ఒళ్లో పడుకుని ఇంటికెళ్లిపోతారు. మా వార్డు గుమ్మం కూడా చూడరు."

"మరి మీ గుమ్మం చూసేవాళ్లు ఎలా ఉంటారు?" అన్నాడు జావ్లోన్. వాడికి ఎప్పుడు ఏది అడగకూడదో తెలియదు.

ఆవిడ రెండు అరచేతులూ దగ్గరకి చేర్చింది, నీళ్లు పట్టినట్టు. ఏదో చెప్పబోయి, హిలోలా కుర్చీలోని దిండు చూసి, చేతులు విడదీసి ఒళ్లో పెట్టేసుకుంది. "కొంచెం తేలిగ్గా ఉంటారు," అంది.

వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర నన్ను పక్కకి లాగి రష్యన్‌లో చెప్పింది. ఏడువందల ఎనభై గ్రాములు, నిన్న వచ్చినవాడు. మాకిదొక అలవాటు. చెడ్డ కబుర్లు, భయపెట్టే జబ్బుల పేర్లు, ఇలాంటి అంకెలు రష్యన్‌లో అనేస్తాం. పరాయి భాషలో అంటే మన నోట్లోంచి వచ్చినట్టు లెక్కలోకి రాదని.

పైకొచ్చి హిలోలాతో అన్నాను, "ఇంకో ఫిక్స్చర్ కావాలి. చిన్న బిడ్డ."

"ఎంత చిన్న?"

చెప్పాను. ఈసారి మా భాషలోనే చెప్పాను, ధైర్యం చూపిద్దామని. ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"నా చేత రాయించకండి ఓపా."

"ఎందుకు?"

"ఎందుకో మీకు తెలుసు."

"అది బిడ్డ కాదు తల్లీ, అంకె."

"అంకే అయితే మీరే రాయండి."

నాకు ఒళ్లు మండింది. లెక్కల్లో డిగ్రీ ఉన్న పిల్ల! ఇంత తెలివి పెట్టుకుని ఈ మూఢత్వమేమిటని గట్టిగా అరిచాను. కింద సంసాల కొట్టువాడు పైకి తల ఎత్తి చూశాడట. ఎప్పటిలాగే ఆమె తల వంచుకుని నా అరుపు అయ్యేదాకా ఆగింది. కానీ చెయ్యి కదపలేదు.

సరే, నేనే రాస్తానని కూర్చున్నాను. మంచం రాశాను. బిడ్డ రాశాను. బరువు దగ్గరికి వచ్చేసరికి పక్కనే దిండుకి ఆనుకుని కూర్చున్న హిలోలా ఊపిరి నాకు వినిపిస్తోంది. ఆమె ఎదురుగా, ఆ కడుపు ఎదురుగా, ఆ అంకె కొట్టాలి. సిగ్గులేకుండా చెప్తున్నాను, నా వేలు రెండు మీద పడింది. రెండు కిలోలు.

"మీరు కూడానా?" అంది హిలోలా.

"నోర్ముయ్."

జావ్లోన్‌ని పిలిచాను. మగవాడు, వాడికేం పట్టింపులుంటాయని. వాడు కుర్చీ అంచున కూర్చుని, తు తు అని ఎడమ భుజం వైపు ఉమ్మి, రెండుని చెరిపి ఒకటిన్నర చేసి లేచిపోయాడు. "ఇంతకంటే నా వల్ల కాదు ఓపా. మా ఇంట్లో నలుగురు చిన్నపిల్లలున్నారు." బజారులో పుచ్చకాయకి బేరమాడినట్టు ముగ్గురం కలిసి ఒక పసివాడి బరువుకి బేరమాడుతున్నాం. పైగా ఆ మధ్యాహ్నం, దిష్టి తీసే ఇసిరిక్ ధూపం పట్టుకుని రోజూ దుకాణాల ముందు తిరిగే ముసలమ్మను వాడే పైకి పిలుచుకొచ్చాడు. ఆవిడ ఎండు ఆకుల పొగ మా కంప్యూటర్ల చుట్టూ మూడుసార్లు తిప్పి వెళ్లింది. నేను దగ్గుతూ తిట్టాను, కిటికీ మాత్రం తెరవలేదు.

ఒకటిన్నర కిలోల బిడ్డ టెస్టు పెట్టాం. పచ్చ. రెండు కిలోలు పెట్టాం. పచ్చ.

"చూశారా, బాగానే ఉంది!" అన్నాడు జావ్లోన్. "చిన్నపిల్లలకి కూడా వస్తోంది. ఇక ఇచ్చేద్దాం."

బాగానే ఉందా? నాకు తెలియదు. అదే నన్ను కొరుక్కుతింది. ఇంటికెళ్లాక పిల్లల మందుల గురించి ఏమీ తెలియని నా చెల్లెలితో ఊరికే పోట్లాడాను. అసలు ప్రశ్న మేం అడగనే లేదు. ఎవరి కోసం ఈ ప్రోగ్రాం రాస్తున్నామో వాళ్లను తప్ప అందరినీ టెస్టులో పెట్టాం. సోమవారం నర్సు ఆ చిన్నవాడి బరువు కొడుతుంది. మేం నోటితో అనడానికి, వేలితో కొట్టడానికి భయపడిన అంకెని ఆ నర్సు పిల్ల ఏ భయమూ లేకుండా కొడుతుంది, ఎందుకంటే ఆమె ముందు నిజంగా బిడ్డ ఉంటాడు. అప్పుడు మా ప్రోగ్రాం ఏం చెప్తుందో మాలో ఎవరికీ తెలియదు. ఏం చెప్తే అదే ఆ ఒంట్లోకి పోతుంది.

శుక్రవారం పొద్దున హిలోలా నాకంటే ముందే వచ్చి కూర్చుంది. నన్ను చూడగానే లేవబోయింది, నేను చెయ్యి ఊపి కూర్చోమన్నాను.

"నేను రాస్తాను ఓపా."

"అవసరం లేదు. నిన్న నేను ఎక్కువ అరిచాను. నేనే ఎలాగో..."

"మీరు మళ్లీ రెండు కిలోలే కొడతారు." చిన్నగా నవ్వింది. "మా అత్తకి చెప్పాను."

అత్తకి చెప్పిందా! ఆ ఇంట్లో కోడలు ఎడమ కాలు ముందు పెట్టి గడప దాటినా గొడవే.

"తిడుతుందనుకున్నాను," అంది హిలోలా. "పిండి పిసుకుతోంది. చెయ్యి ఆపలేదు. ఆ బిడ్డ పేరేంటే అంది. పేరు లేదత్తా, ఊరికే రాసుకునేదాంట్లో బిడ్డ అన్నాను. పేరు కూడా పెట్టకుండా, మొహం తిప్పుకుని కూర్చుంటే వాడెందుకుంటాడే, పిలిస్తే కదా ఉండేది అంది. మీకు తెలుసుగా, మా ఆయన పేరు తుర్సునలి."

తెలుసు. మా ఫెర్గానా లోయలో తుర్సున్ అన్న పేరు వింటే, వాడికి ముందు పుట్టినవాళ్లు నిలవలేదని ఇంకెవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఉండనీ, ఈసారైనా ఉండనీ అని తల్లి పెట్టుకునే పేరది. ఆ పేరు ఎన్నోసార్లు విన్నా, ఆ అత్తకి ముందు పుట్టినవాళ్లు పోయారని నాకు అప్పుడే తట్టింది. అంతకాలం ఆవిణ్ని గయ్యాళి అనుకున్నాను. ఇప్పుడూ గయ్యాళే, కానీ నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది.

"పేరు పెట్టి పిలిస్తే నేను రాస్తాను," అంది హిలోలా. "పేరు లేకుండా రాయను."

"ఏం పేరు?"

"తోఖ్తసిన్."

అది కూడా అలాంటి పేరే. పోకుండా ఆగనీ అని. "రాయి," అన్నాను.

రాసింది. మొదటి మంచం. తోఖ్తసిన్. పెదవులు కదుపుతూ ఏదో అనుకుని, బరువు కొట్టింది, ఏడువందల ఎనభై గ్రాములు. నేను సావోదత్‌ఖోన్‌కి ఫోన్ చేసి ఆ బరువుకి ఊపిరి మందు ఎంత రావాలో కనుక్కున్నాను. రావలసిన జవాబు కింద ఆ అంకె పెట్టాం. నడిపించాం.

ఎర్ర చుక్క.

ఫ్రేమ్‌వర్క్‌కి మొహమాటం లేదని చెప్పానుగా. రావలసింది ఇంత, వచ్చింది ఇంత అని రెండు పంక్తుల్లో మొహాన కొట్టింది. వచ్చింది రావలసినదానికంటే పావువంతుకి పైనే ఎక్కువ. పెద్దవాళ్లకి పావువంతంటే ఏముంది. అరచేతిలో పట్టే ప్రాణానికి ఆ పావువంతు ఎంతో నాకు తెలియదు, సావోదత్‌ఖోన్‌ని అడిగే ధైర్యమూ లేదు.

హిలోలా తన కోడ్‌లోకి వెళ్లింది. ఎక్కువసేపు వెతకలేదు. గోడ మీది పట్టిక అరకిలో అరకిలో చొప్పున ఉండేది. ఆమె దాన్ని ఉన్నది ఉన్నట్టు దింపింది. బరువు ఎంత కొట్టినా ప్రోగ్రాం దాన్ని దగ్గరి అరకిలోకి సర్దేసి, ఆ తర్వాత లెక్కవేస్తోంది. మూడున్నరకి సర్దేది ఏమీ లేదు. రెండుకీ లేదు, ఒకటిన్నరకీ లేదు. మేం బేరమాడి ఒప్పుకున్న బరువులన్నీ సరిగ్గా పట్టికలో ఉన్నవే. తోఖ్తసిన్‌ని మాత్రం అది నిండు కిలో చేసేసింది. మా అందరి మనసులోనూ ఉన్నది అదే, కాస్త బరువుగా ఉంటే బాగుండునని. మనిషి అలా కోరుకుంటే ప్రేమ. లెక్క అలా కోరుకుంటే ప్రాణం పోతుంది.

"ఈ పంక్తి నేనే రాశాను," అంది హిలోలా. చెయ్యి కడుపు మీదికి వెళ్లింది. "నేనే రాశాను ఓపా. నిన్న మీరు నాతో ఎంత చెప్పారు."

"రాసిందానివి నువ్వే, పట్టుకున్నదానివీ నువ్వే. ఏడవకు. ముందు దిద్దు."

ఏడుస్తూనే దిద్దింది. సర్దుబాటు తీసేసి గ్రాముల్లో లెక్క పెట్టింది. నడిపించింది. తోఖ్తసిన్ పక్కన పచ్చ చుక్క వెలిగింది. నేను కుర్చీలో వెనక్కి వాలాను.

కానీ కిందికి చూస్తే మిగతా చుక్కలు ఎర్రబారి ఉన్నాయి. నిన్నటిదాకా పచ్చగా ఉన్నవే, వరసగా అన్నీ. మా మూడున్నర కిలోల పిల్లలందరూ.

"ఏమైంది? ఏం పాడైంది?" అని పరుగెత్తుకొచ్చాడు జావ్లోన్.

ఏమీ పాడవలేదు. తోఖ్తసిన్ ఇంకా మొదటి మంచంలోనే ఉన్నాడు. తర్వాతి టెస్టు వచ్చి తన బిడ్డను అదే మంచంలో పెట్టబోతే, ఇక్కడ ఒకరున్నారు, చోటు లేదంటోంది ప్రోగ్రాం. కొత్త ఫిక్స్చర్‌లో హిలోలా చివరి పంక్తి రాయలేదు.

"తుడిచే పంక్తి మర్చిపోయావు," అన్నాను.

"మర్చిపోలేదు."

"మరి?"

"తుడవను ఓపా."

నాకు మళ్లీ వేడెక్కింది. "దస్తర్‌ఖాన్ నువ్వే చెప్పావు కదే! దులపకపోతే తర్వాతి అతిథి ఎక్కడ కూర్చుంటాడు? పాత పిల్లలను తుడిచేటప్పుడు లేని బాధ ఇప్పుడేంటి?"

"వాళ్లకి పేర్లు లేవు."

"సాయంత్రం డాక్టరమ్మ వస్తోంది ఓపా," అని గొణిగాడు జావ్లోన్. "మీరు కొట్టెయ్యండి ఆ ఒక్క పంక్తి."

కీబోర్డు నా వైపు లాక్కున్నాను. ఒక్క పంక్తి. తుడిచెయ్యి, కుండలీకరణం, తోఖ్తసిన్, కుండలీకరణం. నా జీవితంలో అలాంటివి ఎన్ని లక్షలు రాసి ఉంటానో. తోఖ్తసిన్ అన్నదాకా రాశాను. ఆగిపోయాను. ఆ పేరుని ఆ మాట పక్కన పెట్టడం నా వల్ల కాలేదు. ఆగమని పిలిచి తెచ్చుకున్నవాణ్ని నేనే గెంటేసినట్టుంది. ఇందులో శాస్త్రమేమీ లేదు, నాకు చేతకాలేదు, అంతే. రాసింది చెరిపేసి కీబోర్డు ఆమె వైపు తోసేశాను.

"నీ ఇష్టం. మంచం మాత్రం ఖాళీ కావాలి. ఎలా చేస్తావో నాకు తెలియదు."

హిలోలా టెస్టులు వదిలేసి అసలు ప్రోగ్రాం తెరిచింది. అందులో నర్సుల కోసం రాసిన పని ఒకటుంది. బిడ్డ కోలుకున్నాక నర్సు అది నొక్కుతుంది, మంచం ఖాళీ అవుతుంది. దాని పేరు 'ఇంటికి పంపు'. హిలోలా ఫిక్స్చర్ చివర అది రాసి నడిపించింది.

ప్రోగ్రాం ఒప్పుకోలేదు. రెండు కిలోలు నిండని బిడ్డను ఇంటికి పంపకూడదని వార్డులో నియమం. ఆ నియమాన్ని మేమే అందులో పెట్టాం.

"పోనీలే అమ్మాయ్," అన్నాను. నా గొంతులో కోపం అప్పటికే లేదు.

ఆమె వినిపించుకోలేదు. ఇంటికి పంపే పంక్తికి పైన ఖాళీ చేసుకుని రాయడం మొదలుపెట్టింది. తోఖ్తసిన్‌ని తూచు, తొమ్మిదివందల గ్రాములు. తోఖ్తసిన్‌ని తూచు, పన్నెండు వందలు. ఒక్కో బరువుకీ మందు ఎంత మారాలో కూడా అడిగించింది, ఒక్కోదానికీ ఒక పచ్చ చుక్క వచ్చేలాగా. పదహారు వందల యాభై. పంతొమ్మిది వందలు. మేమిద్దరం నిలబడి చూస్తున్నాం. రెండువేల నూట ఇరవై కొట్టాక ఆగి, చేత్తో కళ్లు తుడుచుకుంది. ఇంటికి పంపు.

ఒక మంచం ఖాళీ చెయ్యడానికి ఇన్ని పంక్తులు ఎవరూ రాయరు. ఇంకెవరైనా రాసి ఉంటే నేనే నవ్వి కొట్టేయించేదాన్ని. నడిపించింది. పై నుంచి కింది దాకా పచ్చ. మూడున్నర కిలోలవాళ్లు కూడా బుద్ధిగా ఒకరి తర్వాత ఒకరు ఆ మంచమెక్కారు.

సావోదత్‌ఖోన్ నాలుగింటికి వచ్చింది. అరకిలోల సంగతి జావ్లోన్ ఆవిడకి చెప్పాలి, యజమాని కాబట్టి. వాడు నేల చూశాడు. హిలోలా చెప్పింది. తప్పు ఎక్కడుందో, ఎవరు రాశారో, ఎంత ఎక్కువ చూపించేదో, ఒక్క మాటా దాచకుండా మా భాషలోనే చెప్పింది. డాక్టరమ్మ మొహం తెల్లబోయింది. తిట్టినా పడదామని నేను సిద్ధంగా ఉన్నాను.

"చూపించు," అంది ఆవిడ చివరికి.

హిలోలా తెర ఆవిడ వైపు తిప్పింది. సావోదత్‌ఖోన్ కళ్లద్దాలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. పేరు దగ్గర ఆగింది. మొదటి బరువు దగ్గర ఆగింది. తర్వాత వేలు తెర మీద ఆనించి ఒక్కో పంక్తీ కిందికి దిగింది, నర్సు రాసిపెట్టిన రోజువారీ బరువులు చదివినట్టు, తొమ్మిదివందలు, పన్నెండు వందలు, పదహారు వందల యాభై. చివరి పంక్తి దగ్గర వేలు అక్కడే ఉండిపోయింది.

"మీవాడు ఎలా ఉన్నాడు?" అని అడిగాను. నిన్నంతా అడగాలని ఉండి అడగలేకపోయిన మాట.

"ఇంకా ఉన్నాడు," అంది.

హిలోలా టెస్టులు నడిపించింది. తోఖ్తసిన్ పుట్టాడు, తనకి రావలసినంత మందే వచ్చింది, పెరిగాడు, ఇంటికెళ్లిపోయాడు. అంతా కలిపి కనురెప్ప వేసినంత సేపు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇక లేస్తుందనుకున్నాం. సోమవారం సంగతి మాట్లాడాలని జావ్లోన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకోసారి నడిపించమ్మా," అంది ఆవిడ.